ఊరికో పేరు

కామారెడ్డి పెద్ద దవాఖానలో మాకు మందులిచ్చే గది ముందర ఒక సిమెంటు అరుగు ఉంది. నెలనెలా మేమంతా దాని మీదే కూర్చుంటాం. ఆడవాళ్లు కొంగుతో, మగవాళ్లు దస్తీతో ముక్కు దాకా కప్పుకుని, పక్కవాళ్ల ముఖం చూడకుండా కూర్చోవడం మాకు అలవాటు. అక్కడ తెలిసిన మనిషి కనిపిస్తే బాధ. తెలిసిన మనిషికి మనం కనిపిస్తే ఇంకా బాధ.

ఆ రోజు నా పక్కన బీబీపేట దిక్కు నుంచి వచ్చే పెద్దాయన కూర్చున్నాడు. ఎదురుగా గోడను చూస్తూనే, "మా సంగం మేడం సచ్చిపోయిందట" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. మహిళా సంఘాల పని మీద వాళ్ల ఊరికి వచ్చే మేడమట. లోపల నర్సమ్మ చెప్పిందట, మేడం కూతురు దవాఖానకు ఫోన్ చేసి చెప్పిందట.

అరుగు చివర కూర్చున్న లింగంపేట ఆమె "అయ్యో పాపం" అంది. "మా ఇంటికి గూడ ఒకామె వస్తుండె. మా మేనత్త బిడ్డనని చెప్పుకొని వస్తుండె. చాన రోజులాయె, కానస్తలేదు."

"మంచి మనిషి" అన్నాడు పెద్దాయన తన ధోరణిలో తానే. "ఇంట్లకు వచ్చుడు వచ్చుడే, నాలుక చూపియ్యి అంటుండె."

లింగంపేట ఆమె ముఖం మీది కొంగు జారిపోయింది. సర్దుకోలేదు. "నాలుకనా?" అంది.

నేను అప్పటికే లేచి నిలబడ్డాను. మా ఊళ్లో ఆమె గాజులామె.

పోయింది ఒక్కరేనని మా ముగ్గురికీ అట్లా తెలిసింది. ఆమె అసలు పేరు వాళ్లిద్దరికీ తెలియదు. నాకు తెలుసు కానీ ఇక్కడ రాయను. బతికినన్నాళ్లూ దాచుకున్నదాన్ని నేనెందుకు బయటపెట్టాలి?

*

రెండువేల తొమ్మిదిలో నా భర్త పోయాడు. అత్తగారిది దోమకొండ దగ్గర భూములున్న ఇల్లు. ఆయన వరికోత మిషన్ తోలుకుంటూ సీజన్ సీజన్‌కూ ఊళ్లు పట్టి తిరిగేవాడు. ఆయనకు ఏమొచ్చిందో నిజామాబాద్ పెద్దాసుపత్రిలో తేలింది, నాకూ ఉందని అక్కడే తేలింది. దినాలయ్యాక నన్ను కొట్టం పక్కన యూరియా బస్తాలు పెట్టే గదిలోకి మార్చారు. మైల అన్నారు మొదట. మైల దినాలు దాటాక, "మొగడు పోయి మతి తప్పింది" అని ఊళ్లో చెప్పారు. అన్నం గిన్నె కొట్టం గోడ మీద పెట్టి వెళ్లేవాళ్లు. ఒక్కోసారి నాకంటే ముందు కోడి చూసేది.

అట్లాంటి రోజుల్లో ఒకామె నెత్తి మీద గాజుల గంపతో మా వాకిట్లోకి వచ్చింది. పొట్టి మనిషి. ఎండాకాలంలో ఆకుపచ్చ స్వెటరు తొడుక్కుంది. చేతికి మగవాళ్ల గడియారం.

"ఇంట్ల మనిషి పోయిండు. మాకు గాజులేంది?" అని మా అత్త కసిరింది.

"నీ పెనిమిటి సల్లగున్నడు గద అవ్వా. నీ చెయ్యి బోసిగుంటే ఆయనకు అరిష్టం" అంటూ ఆమె గంప దించి, మా అత్త చెయ్యి పట్టుకుంది. గాజులెక్కించే నెపంతో ఆ చెయ్యి ఒత్తుతూ, వేళ్లు మడుస్తూ, తీస్తూ, ఎంతసేపు కూర్చుందో. కొట్టంలోంచి నాకు మా అత్త గొంతు వినిపిస్తోంది. కొడుకు గురించి, నా గురించి, ఎవరికీ చెప్పుకోలేనిదంతా ఆ గాజులామెకు చెప్పుకుంటోంది. చివర్లో ఏడ్చింది కూడా. కొడుకు పోయినప్పుడు కూడా మా అత్త అట్లా ఏడవడం నేను వినలేదు.

ఆ తర్వాత ఆమె బర్రెను చూస్తానంటూ కొట్టంలోకి వచ్చింది. నా గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"నాలుక చూపియ్యి."

భయపడి చూపించాను. తెల్లటి పొర కట్టి ఉంది. వేలితో కింది పెదవి కిందికి గుంజి చూసి, "గింత దాక ఎందుకు తెచ్చుకున్నవే?" అని తిట్టింది. నా కన్నతల్లి కూడా నన్ను ముట్టుకోక అప్పటికి చాలా కాలమైంది. నా నోట్లో వేలు పెట్టిన మనిషిని నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను.

"నాక్కూడ ఉన్నది" అంది మెల్లగా.

"ఏంది?"

"నీకున్నదే."

కామారెడ్డిలో మాలాంటి వాళ్ల కోసం ఒక సంస్థ నడిపే కేంద్రం ఉందనీ, పడుకోవడానికి మంచాలు, తిండి, మందులు ఇప్పించే మనుషులు ఉన్నారనీ, నిజామాబాద్‌లో నేనిచ్చిన అడ్రసు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాననీ చెప్పింది. "నువ్వు గాజులమ్ముతవా?" అని అడిగాను. ఆ సమయంలో అడగాల్సింది అదేనా అని ఇప్పుడనిపిస్తుంది.

"ఈ ఊర్ల అమ్ముత" అంది.

బయటికి వెళ్లి మా అత్తతో, తమ ఊళ్లో మతి తప్పినవాళ్లను బాగుచేసే ఒక సామి ఉన్నాడనీ, పిల్లను తీసుకుపోయి చూపిస్తాననీ చెప్పింది. ఏ ఊరు, ఏ సామి, ఎప్పుడు తీసుకొస్తావు అని మా అత్త ఒక్క మాట అడగలేదు. నా రెండు చీరలు మూటగట్టి గడప బయట పెట్టింది. గాజులకు బేరం మాత్రం ఆడింది.

*

కేంద్రం రైల్వే స్టేషన్ వెనక సందులో ఒక అద్దె ఇల్లు. బోర్డు మీద ఆరోగ్యం అన్న మాట తప్ప ఇంకేమీ ఉండేది కాదు. నడవలేని వాళ్లు కింద, నడిచేవాళ్లు పైన. మందులు మొదలుపెట్టిన కొత్తలో వాంతులు, ఒంటి నిండా దద్దుర్లు, పిచ్చి కలలు. ఆ రోజులు గట్టెక్కేదాకా అక్కడ ఉంచుకుని, తరవాత ఇళ్లకు పంపేవాళ్లు. ఇల్లు లేనివాళ్లు ఇంకొన్నాళ్లు ఉండేవాళ్లు. నేను అట్లా ఉండిపోయి, మిషన్ కుట్టడం నేర్చుకుని, పక్క వీధిలోనే గది తీసుకున్నాను.

ఆమె అక్కడ పనిచేసే మనిషి. ఊళ్లు తిరిగి, మందులు మానేసినవాళ్లను, మంచాన పడ్డవాళ్లను వెతికి పట్టుకోవడం ఆమె పని. ఆఫీసు వాళ్లు ఆమెకు ఒక గుర్తింపు కార్డు ఇచ్చి మెడలో వేసుకొమ్మన్నారు. ఆమె దాన్ని ఒక్కసారి కూడా వేసుకోలేదు. "గిది ఏసుకొని ఒక ఇంట్లకు పోతే, ఆ ఇంటి మీద గంట కొట్టినట్టే" అనేది. ఒక ఊళ్లో గాజులామె, ఒక ఊళ్లో సంఘం మేడం, ఇంకో ఊళ్లో ఆ ఇంటి మేనత్త బిడ్డ. ఒకచోట పెళ్లిళ్ల పేరమ్మ వేషం కట్టి, నిజంగానే ఒక సంబంధం కుదిర్చి, బట్టలు పెట్టించుకుని వచ్చింది. బస్సు దిగడం ఎప్పుడూ ఒక స్టేజీ ముందే. అక్కడి నుంచి నడక. ఎవరింటికి పోతోందో ఊరికి తెలియకుండా ముందు రెండు మూడు ఇళ్లలో కూర్చుని, ముచ్చట్లు పెట్టి, అప్పుడు అసలు ఇంటికి.

ఆమె గురించి ఆమె చెప్పేవి కూడా అట్లాగే ఉండేవి. భర్త భీవండిలో మగ్గం పనిచేస్తూ పోయాడని ఒకరోజు, దుబాయిలో ఉన్నాడు, రానే రాడని ఇంకోరోజు. నిజమేదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. భీవండి నిజం. ఒక్క కూతురు సంగతి మాత్రం ఎప్పుడూ మార్చి చెప్పలేదు. ఎల్లారెడ్డిలో హాస్టల్లో ఉండి చదువుకునేది ఆ పిల్ల. "నా బిడ్డకు లేదు. పరీక్ష చేయించిన. లేదు" అనేది ఎవరూ అడగకపోయినా. అనేటప్పుడు ముఖమంతా వెలిగేది. అది విన్నప్పుడల్లా, పిల్లలకు కూడా ఉన్న తల్లులు తల దించుకునేవాళ్లు. ఆమెకు అది కనిపించేది కాదు. అంత చూపున్న మనిషికి అదొక్కటి కనిపించేది కాదు.

ఆమెలో ఓపిక తక్కువ. మందులు మానేసినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టేది. "నీ పీనుగను మొయ్యనీకి నాకు బలం లేదు, బిడ్డా. మింగు" అని తల మీద మొట్టి మింగించేది. తిట్టడం అయ్యాక ఆకలి వేసేది ఆమెకు. కామారెడ్డి బస్టాండు దగ్గర మిర్చీలు కొనుక్కుని, నోరు మండుతుంటే ఊదుకుంటూ, తింటూ నడిచేది. నాకు పెట్టేది కాదు. "నీకు పడది" అనేది. అన్నీ తనకే పడేవి.

ఒక డిసెంబరులో ఎల్లారెడ్డిలో మీటింగు పెట్టారు. ఎయిడ్స్ దినం. మాకందరికీ ఎర్ర రిబ్బన్లు గుచ్చి, అరటిపండు, బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టి కూర్చోబెట్టారు. మా వాళ్లు, అధికారులు తప్ప బయటివాళ్లు లేని హాలు కాబట్టి ఆమె వేదిక ఎక్కడానికి ఒప్పుకుంది. ముఖ్య అతిథి ప్రేమ గురించి, దగ్గరికి తీసుకోవడం గురించి చాలాసేపు మాట్లాడాడు. తరవాత ఆమెకు శాలువా కప్పబోయాడు. ఆయన చేతులు ఆమె భుజాలకు జానెడు దూరంలో ఆగిపోయాయి. వేళ్లు వదిలేశాయి. శాలువా జారి కింద పడింది.

ఆమె వంగి తీసుకుంది. దుమ్ము దులిపింది. మైకు ముందుకు వచ్చి, "అయ్యా, మీరు నాకు గాదు, భూమికి కప్పిన్రు. భూమికి ఏం రోగం లేదు" అంది.

కింద ఉన్న మేమంతా నవ్వాం. వేదిక మీద ఎవరూ నవ్వలేదు. మర్నాడు ఆ శాలువాను తెచ్చి, మంచంలోనే అన్నీ అయిపోతున్న ఒకాయన కింద పరిచింది. "మెత్తగున్నది" అంది, చేత్తో నిమురుతూ.

*

రెండువేల పదమూడులో కేంద్రం మూసేశారు. పైనుంచి నిధులు ఆగిపోయాయన్నారు. ఇక మీదట అన్నీ సర్కారు దవాఖానల్లోనే చూస్తారన్నారు. చెప్పడానికి వచ్చినాయన మంచివాడే. అయినా మంచాలు ట్రాలీ ఆటోలో ఎక్కించడం ఆగలేదు.

అందరూ వెళ్లిపోయాక ఒక పిల్లవాడు మిగిలాడు. పిల్లవాడంటే పాతికేళ్లుంటాయేమో. ముంబైలో మిఠాయి దుకాణంలో పనిచేసి, ఒళ్లంతా ఎముకలు తేలి తిరిగి వచ్చాడు. తల్లీతండ్రీ లేరు. లింగంపేట మండలంలో ఒక చిన్న పల్లె వాళ్లది, అక్కడ అన్నా వదినా ఉన్నారు. ఆమె ఆటో మాట్లాడింది. అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని, చెరోపక్కా మేమిద్దరం పట్టుకుని, ఆ ఊరికి పోయాం.

అన్న బయటికి వచ్చి చూసి, గడపలోనే ఆగిపోయాడు.

"ఎందుకు తెచ్చిన్రు? దవాఖానల ఉండనియ్యుండ్రి."

"దవాఖాన లేదు తమ్మీ. తాళమేసిన్రు" అంది ఆమె.

"ఇంట్ల పిల్లలున్నరు."

"పిల్లలకు రాదు. పక్కన పండుకుంటే రాదు, ఒక్క పల్లెంల తింటే రాదు. నా బిడ్డ మీద ఒట్టు."

"ఎవలన్న అడిగితే ఏం చెప్పాలె?"

"టీబీ అని చెప్పు. నేను గూడ గదే చెప్త."

అతను తల అడ్డంగా ఊపి లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఆటో అతను కిరాయి తీసుకుని వెళ్లిపోయాడు. మేం ఆ పిల్లవాణ్ని గడప ముందు నేల మీద పడుకోబెట్టి కూర్చున్నాం. ఆమె తన స్వెటరు విప్పి అతని తల కింద పెట్టింది. స్వెటరు లేకుండా ఆమెను చూడడం నాకదే మొదలు. చేతులు కట్టెపుల్లల్లా ఉన్నాయి.

ఒకరూ ఇద్దరూ చుట్టూ చేరడం మొదలైంది. ఎవరు, ఏమైంది అని అడిగారు. బొంబాయిలో జ్వరమొచ్చిందని, మేము అతని కంపెనీ తరఫున వచ్చామని ఆమె చెప్పింది. పొద్దు తిరిగింది. లోపలి నుంచి వదిన ఏడుపు వినిపిస్తోంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. పిల్లవాడికి అంతా తెలుస్తూనే ఉంది. కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు నటిస్తున్నాడు.

చివరికి ఆమె లేచి తలుపు సందు దగ్గర నోరు పెట్టింది. లోపలివాళ్లకూ, పక్కనున్న నాకూ తప్ప వినిపించనంత మెల్లగా అంది:

"తలుపు తీస్తవా, ఉన్న మాట ఊరందరికి చెప్పనా? నాకేం పోతది. నేను పొద్దుమీకి బస్సెక్కిపోత. మీకు బోరింగు కాడ నీళ్లు పట్టనియ్యరు. నీ పిల్లలను బడిల పక్కన కూసోనియ్యరు. చెప్పనా?"

తలుపు తెరుచుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. తరవాత, "నేను చెప్పకపోతుంటి అనుకుంటున్నవా?" అంది.

"చెప్పకపోతువి అక్కా. బెదిరిచ్చినవ్ గంతే."

"చెప్తుంటి." కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "తియ్యకపోతే చెప్తుంటి. గదే భయమైతున్నది నాకు."

ఆ పిల్లవాడు ఆ ఇంటి లోపలి గదిలో, మంచం మీద, కొన్ని వారాలకు పోయాడు. వదినే నోట్లో నీళ్లు పోసిందట. అప్పట్లో మాకు గెలుపంటే అంతే ఉండేది.

*

జీతం లేకపోయినా ఆమె ఊళ్లు మానలేదు. గదిలో బీడీలు చుట్టి కార్ఖానాలో ఇచ్చి వచ్చి, మర్నాడు బస్సెక్కేది. ఆ ఏడు ఎండాకాలంలోనే కూతురికి పెళ్లి చేసింది. ఎల్లారెడ్డి దాటి బాన్సువాడ దారిలో ఒక ఊరు. అబ్బాయి ట్రాక్టరు మెకానిక్కు. పిల్ల తండ్రి పాము కరిచి పోయాడని చెప్పింది వాళ్లతో.

మేమంతా కలిసి స్టీలు బిందె, గిన్నెలు కొని తీసుకుపోయి ఇస్తే, ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూసి మురిసింది. ఆ వెంటనే, "మీల ఎవ్వరన్న పెండ్లికి వస్తే కాళ్లు ఇరగ్గొడ్త" అంది. నవ్వుతూనే అంది. మేం కూడా నవ్వాం. ఆ రోజు మా గదుల్లో మేం వండుకుని తిన్నాం. ఎవరం దాని గురించి మాట్లాడుకోలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో కూతురికి కాన్పయింది. సరిగ్గా అప్పుడే అక్కడ అత్తగారు బాయి గడ్డ మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. చేసేవాళ్లు లేరని వియ్యంకుడు ఫోన్ చేశాడు. ఆమె మూట సర్దుకుని, బాలింతకూ, పసివాడికీ, వియ్యపురాలికీ చెయ్యడానికి బయల్దేరింది. నేనే బస్సెక్కించాను.

"మందులు?" అన్నాను.

"బీపీ గోలీలని చెప్త" అంది. ఆ మాట అడగడానికి నేనెవరన్నట్టు చూసింది.

నెలకోసారి వచ్చి తీసుకుపోతానంది. మొదటి నెల వచ్చింది. తరవాత రాలేదు. ఫోన్ చేస్తే, "నిజామాబాద్ దగ్గర పడుతున్నది, ఆడ తీసుకుంటున్న" అనేది. నమ్మాను. మందులు మానేసినవాళ్ల ఇంటికి వానలో నడిచిపోయి తిట్టే మనిషి తానే మానేస్తుందని ఎట్లా అనుకుంటాను?

*

అరుగు మీద ఆ మాట విన్న వారానికి నేను ఆ ఊరికి పోయాను. కూతురు నన్ను చూసి ఒక్క క్షణం తెల్లబోయింది. చిన్నప్పుడు సెలవులకు కేంద్రానికి వచ్చినప్పుడల్లా నా గదిలోనే పడుకునేది ఆ పిల్ల. వెంటనే సర్దుకుని, "అత్తమ్మా, మా అమ్మతోని బీడీలు చేస్తుండె. మా చిన్నమ్మసొంటిది" అని పరిచయం చేసింది.

అత్తగారు కుర్చీలో కాలు చాపుకుని కూర్చుని ఉంది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది, చాయ పెట్టించింది. ఆమె మంచిది. అది కూడా చెప్పాలి.

"గసొంటి మనిషి దొరుకది" అంది కళ్లు తుడుచుకుంటూ. "నా పియ్యి తీసింది, మూత్రం తీసింది. కన్నబిడ్డ గూడ గట్ల చెయ్యది. మాయదారి జరమొచ్చె. తిండి బంద్ చేసె. బొక్కలు దేలె. ఏ రోగం లేకుండె ఆమెకు. ఎవలి కండ్లు వడ్డయో."

"బీపీ ఉండె గద" అన్నాను.

"అయ్యో, గదే చెప్పాలె. నాక్కూడ బీపీనే. ఒకరోజు నా గోలీలు అయిపోయినయి. వదినె, నీయి ఒకటియ్యి అన్న. అయిపోయినయి అన్నది. అగో సంచిల డబ్బ మోగుతున్నది గద అన్న నేను. మా చిన్నోడు మందుల దుకాన్ల చేస్తడు. డబ్బ ఇటియ్యి అత్తమ్మా, గసొంటియే తెచ్చిపెడ్త, మీ ఇద్దరికి సరిపోతయి అన్నడు వాడు. గంతే. ఏమనుకున్నదో ఏమో, తెల్లారినంక డబ్బనే లేదు. వదినె, నేను గోలీలు బంద్ చేసిన, ఆకు పసరు తాగుతున్న అన్నది. మాకు బరువైతనని అనుకున్నది కావచ్చు. గంత అభిమానం మనిషికి."

నా చేతిలో చాయ చల్లారిపోయింది. కూతురు తలుపు దగ్గర నిలబడి వింటోంది. పిల్లవాణ్ని ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది. నా వైపు చూడలేదు.

ఎన్ని ఊళ్లలో ఎందరి వాకిళ్లలో ఎన్ని మాటలు అల్లిన మనిషి. ఒక్క మాట, ఇంకో డబ్బా కొని అందులో పోసుకోవడం, పక్కింట్లో దాచుకోవడం, ఏదో ఒకటి తోచకపోతుందా? తోచలేదు. ఎవరి ఇంట్లోనూ వణకని మనిషి ఈ ఇంట్లో వణికింది. ఇది బిడ్డ ఇల్లు.

కూతురు నన్ను బస్సు స్టేజీ దాకా దిగబెడతానని పిల్లవాణ్ని ఎత్తుకుని వచ్చింది. స్టేజీ దగ్గర ఎవరూ లేరు. అప్పుడు అంది.

"దవాఖానకు తీస్కపోయినం చిన్నమ్మా. బాన్సువాడల. డాక్టరు అడిగిండు, ఇంతకు ముందుగాల ఏమన్న జబ్బు ఉండెనా అని. మా ఆయన గాడనే ఉన్నడు, మా మామ ఉన్నడు. అమ్మ లేదన్నది. డాక్టరు నన్ను చూసిండు. అమ్మ నా చెయ్యి పట్టుకున్నది. గా పానంల గంత బలం ఏడికెళ్లి వచ్చిందో, ఎముకలు ఇరిగేటట్టు పట్టుకున్నది."

పిల్లవాణ్ని దగ్గరికి పొదువుకుంది.

"నేను గూడ లేదన్న."

పరీక్షలు రాశాడట డాక్టరు. పైసలు దండగ, నాకేం కాలేదు, ఇంటికి పోదామని ఆమె మొండికేసిందట. తీసుకొచ్చేశారు. మర్నాడు తెలివి తప్పింది, మళ్లీ కళ్లు తెరవలేదు.

"నేను చెప్పుంటే బతుకుతుండెనా?" అంది ఆ పిల్ల.

కేంద్రానికి మంచాల మీద మోసుకొచ్చినవాళ్లు నాకు తెలుసు. మాట పడిపోయి, తెలివి లేకుండా వచ్చి, మందులు పడ్డాక లేచి, తమ మంచం తామే ఎత్తుకుని ఇళ్లకు పోయినవాళ్లు ఎందరో తెలుసు. నేనే ఉన్నాను. ఒకప్పుడు ఆమె కూడా అట్లా లేచినదే.

"లేదు బిడ్డా" అన్నాను. "అప్పటికే చెయ్యి దాటిపోయింది. నువ్వు చెప్పినా లాభం లేకపోవు."

"నిజంగనా?"

"నిజంగనే."

నమ్మిందో లేదో తెలియదు. ఆమె పెంచిన పిల్ల అది. మాటలో ఎంత నిజముందో దానికొకరు చెప్పాల్సిన పని లేదు. నా ముఖాన్ని చాలాసేపు చూసింది. తరవాత తల ఊపి, కొంగుతో పిల్లవాడి నోరు తుడిచింది.

"చిన్నమ్మా" అంది, బస్సు మలుపు తిరుగుతుండగా. "ఏమనుకోకు. ఇంక రాకు."

"రాను" అన్నాను.

బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుని వెనక్కి చూశాను. అప్పటికే అది ఇంటి దారి పట్టింది. ఎదురొచ్చిన ఎవరో ఆడమనిషి ఆపి ఏదో అడిగింది, నా బస్సు వైపే చెయ్యి చూపిస్తూ. ఆ పిల్ల తడుముకోకుండా ఏదో చెప్పి, నవ్వి, ముందుకు నడిచింది.